కుడికాలి బూటు

మెట్టుగూడ చౌరస్తా కాడ చెప్పులు కుట్టే బాలనర్సుకు
నా మొఖం యాదికుండదు, నా బూటు యాదికుంటది.
"మళ్ల కుడిదేనా?" అంటడు తల ఎత్తకుంట.
ఎడమది ఇంక దుకాణం వాసన కొడుతనే ఉంటది,
కుడిదాని అడుగు తునికాకంత పలచబడి
రోడ్డు వేడి నేరుగ అరికాలికి చెప్పుకుంటది.
ఇరవై రెండేండ్ల సంది గింతే:
ఒక కాలు చెక్క మీద నిలబడి ఊరు చూస్తది,
ఇంకోటి నేలను తన్నుకుంట కూలి చేస్తది.

మొన్న రాత్రి నెక్లెస్ రోడ్డు మీద
వెనకనుంచి దోమ మోత.
ఒక పిలగాడు నన్ను దాటి పోయిండు.
మోకాలు వంగలే, నడుము ఊగలే,
చేతుల రిమోటు, దాని మీద బొటనవేలు ఇంచంత జరిగింది,
అంతే, గాలి బట్ట చినిగినట్టు చినిగింది.
ముందల ఆగి వెనకకు తిరిగి
"అంకుల్, ఇంక తన్నుడేనా?" అన్నడు.
మర్యాదగనే అడిగిండు. గదే కాలింది.
నోటి దాక వచ్చిన తిట్టును
మక్కకంకుల పొగతోని కలిపి మింగిన.

మాకు గిట్ల రాలే ఉరుకుడు.
జుమ్మేరాత్ బజార్ల మూడువందల బోర్డు,
నాలుగు చక్రాలల్ల మూడే తిరిగేటియి.
డెరిక్ వాళ్ల నాయిన లాలాగూడ వర్క్‌షాపు నుంచి
టిఫిన్ గిన్నె అడుగున గ్రీజు తెచ్చేటోడు.
కిరసనాయిల్ల కడిగిన బేరింగులు
క్వార్టర్ కిటికీల ఆరబెడితే
వాళ్లమ్మ కేకు చేసినా అదే వాసన.
బంజారాహిల్స్ చడావు, బోర్డు చంకల పెట్టుకొని ఎక్కుడు,
వాచ్‌మన్ల కర్రలు, కుక్కల పంచాయితి,
ఇరవై నిమిషాల చెమటకు
నలభై సెకన్ల దిగుడు.
చెమట కట్టినందుకు రసీదు, ఆ నలభై సెకన్లు.
మరి ఎక్కుడు గూడ మోటరే చేస్తే
దిగుడు ఎవనిది?

ఇదే ముచ్చట డెరిక్‌కు చెప్పి నవ్వుదామని పోయిన.
మోకాలు కోసి కుట్టిన సంది, తొమ్మిదేండ్లు,
వాడు చెక్క మీద కాలు పెట్టలే.
మాట నడిమిట్ల మంచం కిందికెల్లి
ఎర్రగ ఒక లైటు, మిణుకుమని.
సిగరెట్టు దాచిన పదో తరగతి పిలగాని లెక్క
వాడు నా దిక్కు చూడలే.
"మూడు నెలలాయె," అన్నడు,
"నీకు చెప్పనీకె సిగ్గయింది."

తెల్లారి ఐదింటికి యూనివర్సిటీల,
ఆర్ట్స్ కాలేజి ముంగట, చెట్ల కింద ఇంక చీకటే.
వాడు మోత చేసుకుంట ముందల, నేను తన్నుకుంట వెనక.
పాలాయన బండి మమ్మల్నిద్దర్ని దాటింది.
వాని నెరిసిన జుట్టు ఎగురుతున్నది,
తొమ్మిదేండ్లు ఫ్యాన్ గాలికే ఎగిరిన జుట్టు.
నాకు తిట్టు రాలే. మెచ్చుకోలు గూడ రాలే.
తార్నాక దిక్కు గేటు రాకముందే బ్యాటరీ సచ్చింది.
పది కిలోల చెక్క, ఏడాది పిల్లంత బరువు,
వంతులేసుకొని మోసినం,
కుంటుకుంట వాడు, నవ్వుకుంట ఇద్దరం.

వాని బూట్లు బాలనర్సుకు చూపెట్టిన.
బోర్లించి, ఎల్లకిల పెట్టి, మళ్ల బోర్లించి
"ఇవి నడిసినయా, కూసున్నయా?" అన్నడు.
"అందరు గిట్ల మొదలువెడితే నేనేం తినాలె?"

నాకింక ఆ మోత నచ్చలే.
డెరిక్ చాయ్ తేను పోయినప్పుడు, ఎవ్వలు చూడకుంట,
ఒక్కసారి దాని మీద ఎక్కి నిలబడ్డ.
రిమోటు ముట్టలే.
ఎడమకాలు హాయిగ కుదురుకున్నది.
కుడికాలే, అంచుమీదికెల్లి కిందికి చూసుకుంట,
పొద్దుగాల అడ్డా మీద
ఎవలన్న పిలుస్తరేమో అని నిలబడ్డ
కూలాయన లెక్క.